మేక తరఫున సంతకం

రా బిడ్డా, ఆ కుర్చీ ఇటు లాక్కో. దానికి ఒక కాలు పొట్టి, గోడకు ఆనించి కూసో. ఏందీ, చేతులా? మా తండోళ్లు లైబ్రరీలకు రాంగనే గుమ్మం కాడి కుండల నీళ్లతోని చేతులు ఎందుకు కడుక్కుంటరంటవా? అవ్, నువ్వొచ్చి నెల గూడ కాలే, నీకు వింతగనే ఉంటది. మొన్న మా వదినె కళావతి, ఆమెకు అక్షరం ముక్క రాదు, ఎండకు తట్టుకోలేక నీడకని వచ్చింది, ఆమె గూడ కడుక్కొనే కూసున్నది. చూసి నవ్వినవు గద, నేను చూసిన. అది ఇద్రీస్ సాబ్ పెట్టిపోయిన అలవాటు. నీకంటె ముందు, నీ ముందటాయనకంటె ముందు, గీ లైబ్రరీకి ఆయనే సారు. పోయి ఇరవై ఆరేండ్లాయె. రేపు చిత్తుకాయితాలు కొనేటోని ఆటోకు ఎత్తిస్తనన్నవే, ఆ ఇనుప బీరువాల కట్టలు, అవన్నీ ఆయన దాచినయే. "నావి కావు జైరాం, పబ్లిక్‌వి" అని కొట్లాడేటోడనుకో. సరే, పబ్లిక్‌వే. కంప్యూటర్ పెట్టనీకి జాగ కావాలె, పైనుంచి కాయితం వచ్చింది, అంతే గద. ఎత్తియ్యి. నేనేమన్న వద్దన్ననా? చాయ తాగుతవా? నాకైతే చక్కెర బందు, నువ్వు తాగు.

వాళ్లది ఖమ్మంల బట్టల దుకాణం. అన్నదమ్ములంత గల్లా కాడ కూసుంటే ఈయన లైబ్రరీ నౌకరి పట్టుకొని గీ అడవి అంచుకు వచ్చిండు. పొడుగ్గ, సన్నగ, తుమ్మితే కండ్లద్దాలు ఊడి కిందపడాలె. పోస్టుల గెజిట్టు వచ్చేది, సర్కారు ఏ హుకుం చేసినా అచ్చేసి పంపే కాయితం. ఊరంత సినిమా పేజీ కోసం చూస్తే ఈయనొక్కడు గెజిట్టు కోసం పోస్టుమాన్ తొవ్వ చూసేటోడు. శనివారం నాలుగ్గొట్టంగనే ఇదే అరుగు మీద నిలబడి చదివేటోడు. ఇంగ్లీషుల ఒక ముక్క చదువుడు, తెలుగుల చెప్పుడు. ఫలానా ఊరాయన పేరు మార్చుకున్నడట. ఫలానా ఆఫీసుల రబ్బరు ముద్ర పోయిందట, దొరికినోడు గుద్దినా చెల్లదట. మాకెందుకు సాబ్ ఇవన్నీ అంటే, "సర్కారు మీకే చెప్తున్నది. మీరు వినకపోతే చెప్పనట్టే లెక్క" అనేటోడు. అది అయ్యేదాక పేపరు ఆయన చంకలనే. సినిమా పేజీ కావాలంటే రబ్బరు ముద్ర కథ వినాల్సిందే. నేనొకసారి, తునికాకు కట్టలు కట్టుకోవాలె సాబ్, పోతా అంటే, "ఇక్కడికే తెచ్చుకో, కట్టుకుంట విను" అన్నడు. తెచ్చుకున్న మరి, ఏం జేస్తం.

ఇగ చేతులు. ఆకుల పసరు ఉన్న చెయ్యి, బెల్లం చెయ్యి, నూనె చెయ్యి, ఏ చెయ్యైనా ముందు కుండ కాడికి. ఒకసారి తాసిల్దారు జీపు దిగి ఏదో పాత హుకుం చూడాలె అన్నడు. సాబ్ కుండ చూపిచ్చిండు. "నేను తాసిల్దారునయ్యా" అన్నడు ఆయన. "అందుకే సార్, రెండుసార్లు కడగండి" అన్నడు ఈయన. కడిగిండు బిడ్డా, నా కండ్లతోని చూసిన. బీరువాల యాపాకు పెట్టేటోడు, పొగాకు కాడలు పెట్టేటోడు, వారానికోసారి కట్టలు ఎండల తిప్పేటోడు. వాళ్ల ఇంటామె రహీమున్నీసమ్మ అన్నం గిన్నె తెచ్చి, "నేను రెండో బేగంని జైరాం భాయ్. మొదటి బేగం ఆ బీరువాల ఉంది, దానికి రోజూ గాలి ఇసుర్తడు, నాకెన్నడు ఇసర్లే" అనేది. ఆయన తలకాయ ఎత్తకుంట తినేటోడు.

ఏం చెప్తున్న... ఆ, మేక. ఎనభై ఆరుల గోదారి వచ్చింది గద. లైబ్రరీల మోకాళ్లలోతు నీళ్లు. ఊరోళ్లు బియ్యం, కోళ్లు నెత్తిన పెట్టుకొని గుట్టకు పోతుంటే ఈయన గెజిట్టు కట్టలు నెత్తిన పెట్టుకొని పోయిండు. అయినా కింది అరల కట్టలు తడిసినయ్. నీళ్లు తీసినంక మా తండాల దండేలు కట్టిండు. ఇంటింటికీ దండెం, దండెం నిండ కాయితాలు. మా చీరెలకు జాగ లేదు బిడ్డా, మా గోరి, అదే మా ఇంటామె, మూడు దినాలు తడి చీరె పొయ్యి మీద ఆరబెట్టుకున్నది. సాబ్ ఒక కట్టె పట్టుకొని కాకుల్ని కొట్టుకుంట తిరిగేటోడు. ఆయన కన్ను కాకుల మీదనే, మేక మీద లేదు. మా మేక రాణి, తెల్లది, దానికి తిననిది లేదు. దండెం కిందికి జారిన పేజీ నోట పట్టింది.

చూసిండు సాబ్. ఉరికిండు చూడు, ఆ మనిషి అంత ఉరుకుతడని మాకెవ్వరికీ ఎరుకే లేదు. మేకను చంకలకు తీసుకొని దవడ పట్టి ఇగ్గుతున్నడు. అది మింగుతున్నది, ఈయన ఇగ్గుతున్నడు. గోరి అడ్డం పడి, "సాబ్, అది చచ్చిపోతది, ఇడువు" అంటది. ఈయన, "అమ్మా, నీ మేకను ఇడుస్త, నా పేజీని ఇడువమను" అంటడు. ఆఖరికి చేతిల మిగిలింది ఒక మూల. ఇంత, నా బొటనవేలంత. దాని మీద పేజీ నంబరు. ఆడనే కూలబడి ఏడ్చిండు బిడ్డా. నేను నవ్విన. ఆ నవ్వు యాదికొస్తే ఇప్పటికీ సిగ్గయితది.

ఆ నంబరు పట్టుకొని ఖమ్మం పోయిండు. అక్కడ పెద్ద లైబ్రరీల గదే గెజిట్టు ఉన్నదట. రెండు దినాలు కూసొని పేజీ అంత చేత్తోని దించుకొచ్చిండు, అచ్చు తప్పుంటే ఆ తప్పుతో సహా. కట్టల పెట్టి, మేక కొరికిన మూల గూడ అతికిచ్చిండు. అయిపోయిందనుకున్న. మళ్లొచ్చి, "జైరాం, కింద కారణం రాసిన, సంతకం పెట్టు" అన్నడు. నాకు సంతకం రాదు సాబ్, యేలిముద్ర ఏస్త అన్న. "యేలిముద్ర ఎవ్వరిదైనా ఒక్కతీరే కనబడ్తది. చదివేటోనికి పేరు తెల్వాలె" అన్నడు. మూడు శనివారాలు ఇదే అరుగు మీద పలక మీద దిద్దిచ్చిండు. తండా అంత చుట్టూ కూసొని నవ్వుడు. జై రాయంగ రా పోతది, రా రాయంగ సున్న పోతది. నాలుగో శనివారం పెట్టిన. జన్మల నా పేరు నేను మొదటిసారి రాసింది ఎందుకంటే, మేక తప్పు ఒప్పుకోనీకి. ఇంటికి పోయి రాణిని నాలుగు తిట్టిన.

మళ్ల తొమ్మిదేండ్లకు గావొచ్చు, జంగ్లాతు ఆఫీసరు, అదే ఫారెస్టాయన, కొత్తగ వచ్చిండు. మా తండా అడవి హద్దుల ఉన్నది, నలభై రెండిండ్లు లేవాలె అన్నడు. నోటీసులు తలుపులకు అంటిచ్చిపోయిండ్రు. ఏడికి పోతం? గోరి రాత్రి పొయ్యి ఎలిగియ్యలే. ఇద్రీస్ సాబ్ కాడికి పోయినం అందరం. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది, ఏ ఊరు పేరు ఏ గెజిట్టుల ఏ పేజీల వచ్చిందో అన్నీ ఎక్కిచ్చుకునేటోడు. చూసిండు. "ఉంది. మీ నాయినల కాలంల హద్దు రాళ్లు ఏసినప్పుడు మీ తండా జాగ అడవిల కలపకుంట ఇడిచిపెట్టినట్టు సర్కారే అచ్చేసింది" అన్నడు. మేం లేసి గంతులేసినం. కట్ట తీసిండు, పేజీ తిప్పిండు. తిప్పి నా దిక్కు చూసిండు. బిడ్డా, ఏ పేజీ అనుకున్నవ్? తండా అంత నా మొకం చూస్తున్నది. మా అన్న హీరాలాల్, "నీ మేక మన ఇండ్లు మింగింది గదరా" అన్నడు.

కొత్తగూడెంల విచారణ. ఒక పెద్ద ఆఫీసరమ్మ. ఫారెస్టాయన చేతిరాత చూసి, "ఇది ఎవ్వరైనా రాస్తరు మేడం" అన్నడు. ఆమె పేజీ కిందికి చదివింది. చదువుకుంట చదువుకుంట ఆగింది. మళ్లా గట్టిగ చదివింది, అందరికీ వినబడేటట్టు. "అచ్చు పేజీని ఆరబెట్టినప్పుడు జైరాం గారి మేక తిన్నది. ఇది ఖమ్మం పెద్ద లైబ్రరీల ఫలానా బీరువా, ఫలానా కట్టల ఉన్న ప్రతి చూసి రాసినది. మేక యజమాని సంతకం." హాలంత నవ్వింది. ఆమె నవ్వలే. "జైరాం ఎవరు" అన్నది. నిలబడ్డ. ఒక కాయితం ఇచ్చి పేరు రాయమన్నది. రాసిన, సున్న పోకుంట. రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి చూసి, "మేక సంగతి గూడ దాచకుంట రాసినాయన హద్దు సంగతి అబద్ధం రాస్తడా? ఆ కట్ట తెప్పించండి" అన్నది. ఎనిమిది దినాలకు ఖమ్మం నుంచి వచ్చింది. అక్షరం తేడా లేదు. అచ్చు తప్పు గూడ గదే. నలభై రెండిండ్లు ఉన్నచోటనే ఉన్నయ్. సంతోషంతోని రాణి మనవరాలైన పిల్ల మేకను తోలుకొచ్చి సాబ్‌కు ఇయ్యబోతే, "లైబ్రరీలకు మేకనా" అని తలుపు పెట్టుకున్నడు.

పోయిండు ఇగ. మూడేండ్లు గూడ కాలే. ఖమ్మంల మట్టి చేసిండ్రు. మేం ట్రాక్టరు కట్టుకొని పోయినం. మట్టి ఎయ్యనీకి ముందు మా తండోళ్లు, ఎవ్వరూ చెప్పలే, బోరింగు కాడ లైన్ కట్టి చేతులు కడుక్కున్నరు. వాళ్ల చుట్టాలకు ఏందో అర్థం కాలే. ఇంటికి పోయినంక చెప్తే రహీమున్నీసమ్మ నవ్వింది, ఆ దినం గూడ నవ్వింది, నవ్వుకుంటనే ఏడ్చింది.

సరే. రేపు ఆటో ఎన్నింటికన్నవ్? పదింటికా. ఎత్తియ్యి బిడ్డా, నీ నౌకరి నీది. ఒక్కటే, సాబ్ నోటుబుక్కు బీరువా పై అరల ఉంటది. ఏ కట్ట పోతున్నది, ఏ తారీకు, ఎట్ల పోతున్నది, అండ్ల రాయాలె. రాసి కింద సంతకం పెట్టాలె. మేకకు రాయరాదు గనక నేను పెట్టిన. నీకు చదువొచ్చు, నీది నువ్వే పెట్టాలె. పెన్ను ఉన్నదా? ఏంది, లేసినవ్? చూస్తవా ఆ పేజీని? కుండల నీళ్లున్నయ్ పో, పొద్దున నేనే పోసిన.