గంగమణక్క గీకిన విల్లు

ఏందే సుమనా, గా విల్లును గట్ల గుర్రుమని సూస్తున్నవ్? పోటీలకని జేయించుకుంటివి, గుంజరాకపాయె, గంతేనా? గింత దానికి ఏడుపెందుకు, కూసో. మా గంగమణక్క ముచ్చట జెప్త ఇను. నువ్వు పుట్టకముందే పోయింది, నా తోడవుట్టింది. నవీపేట దిక్కు ఇచ్చినం. బావ తడ చెట్టు కట్టెతోని విల్లు జేసుకున్నడు, చెరుకుల వడే అడివి పందులను కొట్టెతందుకు. గిప్పుడైతె పందిని కొడితె కేసు వెడ్తరు, గప్పుడెవలడిగిండ్రు? ఏడున్న... ఆఁ, బావ పోయిండు. గదే యేడు అక్క చెరుకు బండి మీదికెల్లి వడ్డది, కుడి రెట్ట ఇరిగింది. అతికింది గని బలం రాలె. విల్లు సగం గూడ గుంజరాకపోతుండె. పందులేమో దినాం ఒక మూల తొక్కుడే. బావ తమ్ముడు దేవిదాసు, శానా తియ్యగ మాట్లాడుతడు గాడు, వచ్చి "వదినా, కావలి ఉండరానోళ్లకు చెరుకెందుకు? చేను నాకియ్యి, నువ్వు సల్లగ ఇంట్ల కూసోని తిను" అన్నడు. ఒక్కసారి ఇస్తె మల్ల చేతికి రాదని అక్కకెరుక. నేనచ్చి పండుకుంట కావలి అంటె, "నీ చేనెవలు కాస్తర్రా, మీ తాతనా?" అని నన్నే తిట్టింది. ఉడుం పట్టు ఆమెది. "నా రెట్ట ఇగ పెరగదు తమ్మీ, విల్లే తగ్గాలె" అన్నది.

బోధన్ల నూరుల్లా అని, తలుపులు మంచాలు జేసేటాయన, గాయన దగ్గరికి పోయినం. "ఆపా, గీకింది మల్ల అతుకది, సోంచాయించు, మంచిగ ఆలోచన జేస్కో" అన్నడాయన. "సోంచాయించిన భాయ్, ఎట్ల గీకాలె జెప్పు." "కడుపు దిక్కే, అంటె గుంజేటప్పుడు నీ దిక్కుండే పక్కనే గీకు. ఈపు ముట్టకు, ముడితె ఫట్‌మంటది." గంతే. ఇంటికచ్చి ఏంజేసిందెరుకనా? చెడ్డ చేతితోని ఎంత బెల్లం ముద్ద లేపి ఆపగల్గుతదో సూసుకున్నది. గా ముద్దను నారికి ఏలాడగట్టింది, విల్లునేమో దూలానికి కట్టింది. ముద్ద బరువుకు నారి బాణమంత కిందికి దిగాలె, గప్పటిదాంక సీసపెంకుతోని గీకుడే గీకుడు. ఒక దిక్కు ఎక్కువ వంగె, రెండో దిక్కు గీకె, మల్ల గిటు ఎక్కువాయె... గిట్ల జేసి జేసి విల్లు మరీ మెత్తగైపోయింది. దేవిదాసు పండ్లిగిలిచ్చి, "వదినా, ఇగ దీనితోని దూది ఏకుకో" అన్నడు. నాకు కడుపుల మండింది బిడ్డా! అక్క కొడవలి తీస్కొని రెండు కొసలు బెత్తెడు బెత్తెడు కోసి, కొత్తగ గాట్లు వెట్టి నారి కట్టింది. పొట్టిగైతె బిర్రు వస్తది గద? వచ్చింది. ముద్ద కట్టి సూస్తె సరిగ్గ బాణమంతనే దిగింది.

తెల్లారంగ పందులచ్చినయ్. దేవిదాసు చేను ఒడ్డు మీద నిలవడ్డడు, తమాష సూసెతందుకు. అక్క పండ్లు గొరికి గుంజింది. మగపంది పిర్రల దిగింది బాణం. సావలె, గని అరుసుకుంట ఉరికింది, మందంత దాని ఎంబడే. దేవిదాసు చెప్పులేసుకొని పోయిండు. మల్ల చేను మాట ఎత్తలె.

ముసల్దైనకొద్ది రెట్ట బలం తగ్గుతుండె, యేడేడు ఆమె జెర్ర జెర్ర గీకుతుండె. ఆకరికి పిట్టను గూడ కొట్టరాని విల్లైంది. "అక్కా, గిది తాకితె పందికి దురద తీరినట్టుంటదే" అని నవ్విన. "పందులకేమెరుక రా? నేను నిలవడ్డదే సూస్తయ్ అవి" అన్నది. గా యేడు గూడ నిలవడ్డది, బిడ్డా. చెరుకంత కొట్టి, ఆకరి బండి ఫ్యాక్టరీకి కదిలినంకనే కూసున్నది. కొట్టిన చేన్లనే, ఒడ్డుకు ఆనుకోని. నేను నీళ్లు తెచ్చి లేపితె...

పో, పోయి చాయ్ వెట్టు. చెక్కెర తక్కువెయ్యి.