గుర్తు లేని రొట్టెలు

అట్లాస్ కొండపల్లెలో ఉమ్మడి పొయ్యి దగ్గర హనియా పచ్చి రొట్టెల పళ్ళెం దించి, వెనక్కి తిరిగి వీధివైపు చూసింది. ఊరి ఆడవాళ్ళ సంఘం పెద్ద ఇజ్జా పళ్ళెం మీదికి వంగింది.

"మీరుండేది ముగ్గురేగా. ఇన్నెందుకే?"

"మా ఆయన మనుషులొచ్చారత్తా. గది తలుపు తియ్యరు."

"తుపాకులున్నాయా?"

"పిల్లని బడి మాన్పించమన్నారు. మా ఆయన సరేనన్నాడు."

"మొన్న సంఘంలో నోరు విప్పలేదేం?"

"నేను చెప్పానని తెలిస్తే నన్ను గెంటేసి, పిల్లని ఉంచేసుకుంటాడు."

"అలా కుదరదిప్పుడు. చట్టం నీ పక్కనుంది. అందుకేగా అన్నేళ్ళు కొట్లాడాం. అది సరే, రొట్టెల మీద మీ ఇంటి గుర్తేదీ? ఏవి ఎవరివో ఎలా తెలుస్తుంది? మరిచిపోయావా?"

"ఆపదొస్తే గుర్తు వెయ్యకుండా పట్టుకురమ్మన్నది నువ్వే కదత్తా."

ఇజ్జా పళ్ళెం పక్కకి నెట్టేసింది.

"పిల్లెక్కడే?"

"ఇంట్లోనే. వాళ్ళకి టీ పోస్తోంది."