ఫ్లోరెన్స్ ఇచ్చిన మార్కులు

ఉక్కునగరంలో ఆదివారం ఆరాధన ముగిసింది. సంఘ పెద్దగా తన పేరే చదువుతారని కొత్త చొక్కా తొడుక్కొచ్చిన సత్యం, బెన్సన్ పేరు చదవగానే తలెత్తలేక, భార్యను వెంటబెట్టుకుని బండి దగ్గరికి వచ్చేశాడు.

“నిజం సెప్పు ఫ్లోరెన్సూ. నాకెన్ని మార్కులిచ్చావు?”

“పదేనండి. పదికి పది.”

“మరి బెన్సన్ని ఎలా పెద్దని సేసారు? ఆయనావిడ ఆరే ఇచ్చిందంట. ఆ మొగుడూ పెళ్లాలే నవ్వుకుంటా సెప్పుకుంటన్నారు.”

“నాకేటి తెలుసండి. ఎండగా ఉంది, ఇంటికెలిపోదాం.”

“ఉండు. ఇల్లు సక్కగా ఏలుకునే వోడే పెద్దవ్వాలనే కదా, పాస్టరయ్యగారు ఆడోలందర్నీ విడివిడిగా అడిగించి, మొగుళ్లకి పదికి మార్కులేయించింది? నిన్నెవరడిగారు?”

“పాస్టరమ్మగారు.”

“సంసారం ఎలాగుందంటే?”

“పది అన్నాను.”

“నీ మాట ఇంటాడా అంటే?”

“పది.”

“కోపం సంగతి?”

“మీరు సెప్పినట్టే సెప్పానండి. గొంతెత్తి ఎరగరని.”

“మెల్లిగా. బెన్సన్ వోలొస్తన్నారు. కొంచెం నవ్వు.”

“నవ్వుతన్నానండి.”

“వందనాలు బెన్సన్ గారూ, వందనాలు. సంతోషమండి. సానా సంతోషం... ఎలిపోయారా?”

“ఎలిపోయారు.”

“సీ. షిఫ్టులో అందరికీ సెప్పేసాను, ఈ వారం నుంచి నానే పెద్దనని. రేపు ఆల ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడను? సిగ్గుతో సచ్చిపోతన్నాను. ఎక్కడ తప్పావు నువ్వు? రోజూ వంటింట్లో నిలబెట్టి నేర్పాను కదే.”

“తప్పలేదండి. ఒక్క సోట... ఒక్క సోటే. కంగారులో.”

“ఏటి, కంగారులో?”

“‘మీ పుట్టిల్లు ఎలమంచిలేనా’ అనడిగారు. పది అనేసాను.”

“దేవుడా. ఆవిడేటన్నారు?”

“సెయ్యి పట్టుకున్నారండి.”

“అంతేనా?”

“అంతేనండి.”

“ఫ్లోరెన్సూ.”

“ఇంకొకటి అడిగారు. అది మీరు నేర్పలేదు.”

“ఏటది?”

“ఒద్దులెండి. రోడ్డు మీదున్నాం.”

“సెప్పు. నాను అరవను. సెప్పు.”

“‘సత్యంగారిలో ఏది మారితే నీకు బాగుంటాదమ్మా’ అన్నారు.”

“నువ్వేటన్నావు?”

“‘ఆయన్నడిగి సెప్తానమ్మా’ అన్నాను.”