గీత దాకా నీళ్లు

మేస్త్రి వచ్చి పావుగంటయింది. వయొలిన్లు బాగుచేసే మాస్టారు కూర్చోమని రెండుసార్లు చెప్పినా, కొట్టు గుమ్మంలోనే నిలబడి నసుగుతున్నాడు.

"రేపు వాయిదాకి నేనూ వస్తాను మాస్టారూ."

"నీకెందుకు? కేసు నీమీద కాదుగా. ప్లంబరు మీద."

"అందుకే వస్తాను. ఆ ప్లంబరు మా చెల్లెలి మొగుడు."

"తెలుసు. తెలుసులే. కూర్చో ముందు."

"కూర్చుంటే చెప్పలేనండీ. మీ పైకప్పు కారింది మా బావ పైపు వల్ల కాదు."

"కోర్టు పంపిన ఇంజనీరు చూసి రాశాడు కదయ్యా. పనప్పుడే పైన నర్సమ్మ బాత్రూములో మూడు రోజులు నీళ్లు కట్టి చూశారు, గోడమీద గీసిన గీత నుంచి చుక్క తగ్గలేదు, కాబట్టి నీళ్లు దిగకుండా నేలమీద నువ్వేసిన పూత గట్టిదే, తర్వాత పైపే వదులైంది అని."

"చుక్క తగ్గలేదన్నదే అబద్ధం."

"ఏంటంటావ్?"

"తగ్గింది. మూడోరోజు పొద్దున చూస్తే గీతకి వేలు మందం కిందుంది. పైపు చుట్టూ పూత ఆరకముందే నీళ్లు కట్టేశాను. నా తొందర. మళ్లీ నేలంతా పగలగొట్టి చెయ్యాలంటే పది రోజులు. మూడు బకెట్లు తెచ్చి గీత దాకా పోసేశాను. ఆ తర్వాత బావని పిలిచి చూపించాను. ఆ దిగిన నీళ్లు నేల కింద ఇటుక ముక్కల్లో దాక్కుని, నెల్లాళ్లకి మీ నెత్తిన పడ్డాయి."

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు మాస్టారూ. తిట్టండి."

"ఎవరైనా చూశారా?"

"ఏంటండీ?"

"నువ్వు పోస్తుంటే."

"ఎవరు చూస్తారు? నర్సమ్మగారు డ్యూటీలో ఉన్నారు."

"అయితే వదిలెయ్."

"వదిలెయ్యడమేంటండీ? పదకొండు వయొలిన్లు. జిగురు ఊడి, చెక్క ఉబ్బి... ఆ చిన్న వయొలిను పొట్ట రెండుగా విడిపోయింది. మీ బల్ల నా చేతుల్తోనే తుడిచాను. ఆరోజే చెప్పాల్సింది. నోరు రాలేదు."

"అయిపోయిందేదో అయిపోయింది."

"ఎక్కడయిపోయిందండీ? బావ వ్యాను అమ్మకానికి పెట్టాడు. కేసు ఓడితే ఇక పని ఎవరిస్తారు? మా చెల్లి కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా లేచిపోతోంది. నిన్న నన్ను పట్టుకుని, అన్నయ్యా, ఆయన పనిలో వంక ఉండదు, నీకు తెలుసుగా అంది. తెలుసమ్మా అన్నాను. అంతే అన్నాను. సిగ్గులేని బతుకు."

"నేను కేసు వాపసు తీసుకుంటాను. సరేనా? రేపే మా లాయరుకి చెప్తాను. నువ్వు మాత్రం రావద్దు."

"అదేం న్యాయమండీ? తప్పు నాది, నష్టం మీకా? జడ్జిగారి ముందు చెప్తాను, నష్టపరిహారం నామీదే రాయమంటాను. ఎన్నేళ్లయినా తీరుస్తాను."

"వద్దన్నానా."

"మీ మంచితనం కొద్దీ..."

"మంచితనం మాట ఎత్తకు."

"ఎత్తకపోతే ఎలా? ఆ పనప్పుడు మీరు ఒక్కరోజు కసరలేదు. మేం పైన సుత్తులు పెట్టి బాదుతుంటే, కింద మీకు తీగ శ్రుతి ఏం వినబడుతుంది?"

"వినబడలేదు. ఇరవై రెండు రోజులు ఒక్క వయొలినూ శ్రుతి చెయ్యలేకపోయాను. పిచ్చెక్కిపోయింది."

"అయినా పల్లెత్తు మాట అనలేదు."

"మేస్త్రీ, నువ్వు చూసేటప్పటికి ఎంత తగ్గిందన్నావ్?"

"వేలు మందం. ఏం?"

"ఏం లేదు. లాయరు అడుగుతాడు కదా. రెండో రోజు చూడలేదా?"

"ఆరోజు వేరే పనికి పోయాను. మూడోరోజు చూస్తే వేలు మందమే కదా, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఇంకా కిందికి పోయుంటే నాకు ధైర్యం చాలేది కాదండీ. ఒట్టు. ఆ పూటే పగలగొట్టేసేవాణ్ణి."

"ఒట్టు వెయ్యకు."

"నిజం మాస్టారూ. నాలుగు వేళ్లు తగ్గితే చూసి చూసి ఎవడు పోస్తాడండీ?"

"నేను పోశాను మేస్త్రీ. నర్సమ్మ తాళం నా దగ్గరే ఉండేదిగా. నువ్వు చూసిన ముందురోజు సాయంత్రం, మళ్లీ ఆ సుత్తులు పడలేక, పన్నెండు బకెట్లు."