ముందర వేసిన ముడి

ఎమ్మిగనూరులో ఒక నేతగాళ్ల ఇల్లు. రెండు గుంటమగ్గాల నడుమ చాప మీద ఐదేండ్ల సుప్రజ నుదుటికి కట్టుతో నిద్రపోతోంది. తల్లి హేమావతి, తాత హనుమన్న బిడ్డను ఇప్పుడే ఆస్పత్రి నుంచి తెచ్చారు.

"ఏడు కుట్లు మామా. ఏడు."

"ఊఁ."

"ఊఁ అంటావేమి? బోరింగు కాడికి పోయి బిందెడు నీళ్లు తెచ్చేలోగా నా మగ్గం గుంటలో పడి ఉండాది. నువ్వు నీ మగ్గం మీదనే ఉండావు."

"నాడెలో నూలు కండె మారుస్తాంటి."

"కట్టేసి పోతి గదా నేను. పాత చీర పేలిక ఒక కొస గుంజకు, ఒక కొస దాని నడుముకు. ముందరపక్క గట్టిగా ముడేస్తి. ఎట్ల ఊడె? మామా, నిన్నే."

"నేను ఇప్పినా."

"నువ్వా? ఎందుకు?"

"ఏడుస్తాంటే."

"అది ఏడిస్తే ఈ వాడంతా ఇనపడతాది. బోరింగు కాడ నాకు ఇనపల్యా."

"మెల్లగ ఏడ్చె."

"మెల్లగ ఏడ్చేది యాడ తెలుసు దానికి?"

"తెలీకేం."

"నీకు తెలీదా మామా? అందరి బిడ్డలు పడేటప్పుడు చేతులు పెడతారు. ఇది మొగం పెడతాది. ఉగాదికి నోట్లో పండు ఇరిగె. ఆషాఢంలో గడ్డం చీరుకునె. ఇప్పుడు నుదురు. ఇంగేం మిగిలినాది?"

"తెలుసమ్మా."

"తెలిసే ఇప్పితివా? ఆ నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి ఏమడిగెనో తెలుసా?"

"ఏమడిగె?"

"'ఎవురు కొడతారమ్మా ఈ బిడ్డను' అనె. గౌను ఎత్తి నడుము మీద మచ్చ చూసె. పేలిక ఒరుసుకున్న మచ్చ. ఇదేమని అడిగె."

"నువ్వేం చెప్తివి?"

"లంగా బొందు అంటి."

"ఊఁ."

"మళ్లా ఊఁ! నీ కొడుకు తుమ్మలపల్లెలో పని కాడ నుంచి ఫోన్ చేసి, ఒక బిడ్డను చూసుకునేది చేతగాదా అన్యాడు. నెలకొకసారి వచ్చి ఎత్తుకోని ముద్దు పెట్టి పోయేటోనికేం."

"వాని మాట ఇడిసిపెట్టు."

"యాడ ఇడిసేది? మహానందికి పోయి గుండంలో ముంచితిమి. కర్నూల్లో కాలూచేయీ ఆడిచ్చే డాక్టరు కాడికి ఏడాది తిరిగితిమి. కడాకు ఏమనె? దీనికి గుండీ పెట్టుకునేది కూడా రాదు, శానా ఆశ పెట్టుకోవద్దనె. కట్టెయ్యక నేనేం చేసేది? గడియకొకసారి మగ్గం దిగి చూస్తాంటే శుక్రవారానికి చీర ఎట్ల అయ్యేది?"

"తప్పు నాదేలేమ్మా. ఆ పేలిక ఇట్లియ్యి, నీళ్లల్లో ఏస్తా. నెత్తురయ్యింది."

"ఉండు. ఈ కొస తడిగా ఉండాదే."

"నెత్తురులే."

"నెత్తురు కాదు, ఎంగిలి. కొరికినట్లుండాది, తీసుకోని చూడు. పోగులు లేసినాయి."

"నేనే కొరికినా. ముడి రాకుంటే."

"నీకు పండ్లు యాడుండాయి మామా? రాత్రి జొన్నరొట్టె పాలల్లో నానేసి పెడితి గదా. ఎవురిప్పినారు మామా?"

"అదే ఇప్పుకునె."

"ఏది?"

"పాప."

"దాని చేతులతోనా?"

"చేతులతో. పండ్లతో. పదైదు దినాలుగా పడతాండాది ఆ ముడితో. నేను చూస్తానే ఉండా."

"ఈ పొద్దు ఎంతసేపు పట్టె?"

"జానెడు నేసినంత సేపు."

"గుండీ కూడా రాదనె గదా ఆ డాక్టరు."

"అనె."

"ఇప్పుకోని?"

"లేసి నిలబడె. పేలిక పైకెత్తి నాకు చూపిచ్చె. నగె. నేనూ నగితి. గుంటలోనుంచి నా కాళ్లు తీసేలోపల…"

"నగెనా?"

"నగె."

"గట్టిగానా?"

"నువ్వెప్పుడూ ఇనల్యా అట్ల."

"మరి నువ్వు ఇప్పినావని ఎందుకు చెప్తివి? దాని చేతులు ముడి ఇప్పినాయని నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే ముడి ఈపుపక్కకు ఏస్తావని. ఏడ్సొద్దమ్మా."

"నేనేం ఏడ్సల్యా. ఆ పేలిక ఇట్లియ్యి మామా."

"ఉతుకుతాలే."

"ఉతకద్దు. ఆరే దాక ఉండలేను, లేస్తాదింగ. నువ్వు పాపను మెల్లగ ఆపక్కకు తిప్పు. ఈపు నా పక్కకు రానీ."