తోడల్లుడి కొండ మీద పిట్ట

పిడుగురాళ్లలో సున్నపురాయి క్వారీ ఆఫీసు. యజమాని బసవపున్నయ్య, తోడల్లుడి క్వారీ మూతపడే రోజు రానే వచ్చిందన్న సంబరంతో పొద్దున్నే పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ స్టీఫెన్‌ని పిలిపించి టీ తాగిస్తున్నాడు.

"ఇంకో టీ తాగు స్టీఫెనూ. పేపర్లో ఎంత పెద్దగా ఏశారయ్యా నీ పిట్టని. మా తోడల్లుడి మొహం చూడాల నువ్వు."

"మీరు పంపమన్నారు, పంపా బాబాయ్. నేను బోతా. నర్సరావుపేటలో పెళ్లుంది."

"కూర్చోవయ్యా. ఇయ్యాల ఫారెస్టోళ్లు జీపులేసుకుని వాడి కొండకి పోతన్నారు. ఆ పిట్ట గూడు పెట్టిన చోట ఇంక బ్లాస్టింగు చేయనియ్యరంట. అదేం పిట్టన్నావ్?"

"ఈగల్ని పట్టుకు తినే పిట్ట బాబాయ్. అరుదైంది, ఊటీ పక్క చలికొండల అడవుల్లోనే ఉండిద్ది. నెట్లో దొరికింది."

"నెట్లో అని గట్టిగా అనమాక. ఊటీ పిట్ట పల్నాడు ఎండలోకి ఎందుకొచ్చిందని ఎవురూ అడగలా?"

"అడిగారు. సున్నం దుమ్ము చూసి మంచు అనుకుందేమో అన్నా. రాసుకున్నారు."

"భలే చెప్పావ్. పెద్దల్లుణ్ణని అత్తగారింట్లో ఎప్పుడూ నాకంటే ముందు విస్తరేయించుకున్నాడు. దిగమింగా. ఇప్పుడు నా పక్క కొండే తీసుకుని, నా లారీలోళ్లనే లాగుతాడా?"

"మనసులో పెట్టుకోమాకండి. నేను బోతా బాబాయ్."

"అయినా ఏం అతికిచ్చావయ్యా. పెళ్లికొడుకుని స్విట్జర్లాండు మంచులో నిలబెట్టినట్టు. పిట్ట ఆ రాయి మీదే పుట్టి పెరిగినట్టుంది. రాయి మీద ఆ పసుప్పచ్చ మరకేంది?"

"ఎండ బాబాయ్."

"సరే గానీ, వాడి కాపలావోళ్లు నిన్ను కొండెక్కి ఫోటో ఎట్టా తీయనిచ్చారు?"

"కాపలా... అంటే... మీ ఫోను మోగుతంది, చూడండి."

"హలో. చెప్పు రసూల్ మేస్త్రీ. జీపులొచ్చినయ్యా? మంచిది... ఎవురి గేటు కాడ?... మన గేటా? దారి తప్పుంటారు, పక్క కొండ చూపియ్యి... ఏందీ? ఫోటో చేతబట్టుకుని మన కొండతో సరిచూశారా? మన బ్లాస్టింగు ఆపమన్నారా?... స్టీఫెనూ, తలుపు కాడికి పోతావేంది, ఆగు. ఆ ఫోటోలో కొండ ఎవురిది?"

"ఆయన కుక్కలు నన్ను గేటు కాడికే రానీలా బాబాయ్. అందుకని మీ క్వారీ పూజ నాటి ఫోటో వాడా. మిమ్మల్ని చెరిపేసి, మీరు కొబ్బరికాయ కొట్టిన రాయి మీదే పిట్టని కూర్చోబెట్టా."