దోలు కింద గాజులు

హలో… ఆ, నేనే. దోలు మునిరత్నాన్నే. సెప్పు హరినాథూ, స్టూడియో ఎట్లుండాది?…

మా మామ నాదస్వరం క్యాసెట్టా? బాగు సేసినావా!… అబ్బో, ఆ దినం నేను దోలు కొడితే అలిపిరి కాడ కోతులు కొండ దిగొచ్చి వరసగా కూసున్నాయప్పా. ఒకటైతే తాళం కూడా ఏసింది… నవ్వొద్దు. ఒట్టు.

ఏమి?… యేరు సేసినావా? దేన్ని?… నాదస్వరం ఒకపక్క, దోలు ఒకపక్కనా?… పోబ్బా! సాంబార్లో మునక్కాయంటే తీస్తావు, ఉప్పు తియ్యగలవా?…

కంప్యూటరు తీస్తాదా…

ఉత్త దోలొకటే ఇనపడతాదా… ఎవురికి?… రేపు తిరుచానూరులో, నాకు శాలువా కప్పేటప్పుడు… మేళం వాళ్ళందరి ముందరా?…

ఏం లేదు. ఉక్కగా ఉండాది, అంతే.

దోలు కింద… ఇంకేందో సప్పుడా? ఎట్లాంటి—

గాజులా.

అది… అది నా కడియం అయ్యుంటాది… కాదా? డజను గాజుల మాదిరి ఉండాదా… అయితే ఆ కోతి ఏసుకోనుంటాది—

హరీ. నాయనా. పక్కన ఎవురన్నా ఉండారా?… సరే, ఇను. ఆ క్యాసెట్టుకి రెండు దినాల ముందర సైకిలు మీంద నుంచి పడి నా మణికట్టు ఇరిగింది. పుత్తూరు కట్టుతో ఊరికే కూసోనుండా. కొట్టింది వసంత… ఆ, మా ఇంటామే. వాళ్ళ నాయన కాడ నేర్సుకునింది. ఆడమనిషి దోలు కొట్టిందంటే పెండ్లిండ్లకి మమ్మల్ని ఎవురు పిలుస్తారని… క్యాసెట్టు అట్ట మీంద నా పేరు ఏయించుకున్నా. ముప్పై ఏండ్లు, హరీ. ఆయమ్మ ఒక్క మాట అన్లేదు…

మేళం వాళ్ళు నా మొగాన ఉమ్మేస్తారు.

ఆ గాజులు తీసెయ్యి… అయితాదా? ఒక్క నొక్కుతోనా?… తీసెయ్. ఇప్పుడే— ఆగు. ఒక్కసారి ఇనిపించు. ఉండు, స్పీకర్లో పెడతా…

…

అబ్బ. ఏం కొట్టిందిరా.

సాల్లే, ఆపు… ఆపురా, గాజులు ఇంకా ఇనపడతా ఉండాయి… ఆపేసినావా? ఎప్పుడో?

మరి ఈ సప్పుడు—

వసంతా… ఎంతసేపాయె నువ్వొచ్చి? తలుపు మీంద… అదే దెబ్బ ఏస్తా ఉండావే…

హరీ… తియ్యొద్దు. గాజులుండనీ… ఆ, అందరూ ఇననీ.

శాలువా ఒకటే సాలు… నాకు కాదప్పా. పెట్టేస్తా ఉండా, ఈమె సూస్తా ఉం—